బీపీ, గుండె జబ్బు ఉంటే నర్సు చేయాల్సిన పనులేంటి? ప్రభుత్వాసుపత్రిలో ఏమేం అడగొచ్చు, ఇంట్లో ఏం చూసుకోవాలి?

బీపీకి డాక్టరు మందు రాయడానికి రెండు నిమిషాలు చాలు. ఆ మందు పని చేస్తోందా, రోగి రోజూ వేసుకుంటున్నారా, ఒళ్లు తట్టుకుంటోందా అన్నది మాత్రం ఏళ్ల తరబడి చూస్తూ ఉండాలి. ఈ రెండో పనిలో ఎక్కువ భాగం నర్సులదే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం, దేశంలో 15 ఏళ్లు దాటిన పురుషుల్లో 24 శాతం, మహిళల్లో 21 శాతం మందికి బీపీ ఎక్కువగా ఉంది, లేదంటే వారు దానికి మందులు వాడుతున్నారు. తెలుగు రాష్ట్రాల్లో ఇది ఇంకా ఎక్కువ. తెలంగాణలో పురుషుల్లో 31 శాతం, మహిళల్లో 26 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో పురుషుల్లో 29 శాతం, మహిళల్లో 25 శాతం.

అయినా నర్సు అంటే ఇంజక్షన్ చేసి, సెలైన్ పెట్టే మనిషి అనే చాలామంది అనుకుంటారు. దాంతో తమకు అందాల్సిన సేవలేంటో తెలియక అడగకుండానే వెనక్కి వస్తారు. బస్తీ దవాఖానా నుంచి గుండె ఐసీయూ దాకా, ఆ తర్వాత ఇంటి దాకా నర్సింగ్ సంరక్షణలో ఏమేం ఉంటాయో చూద్దాం.

ప్రభుత్వ వ్యవస్థలో మీ నర్సు ఎవరు?

మీరు హైదరాబాద్‌లో ఉంటే దగ్గర్లోని బస్తీ దవాఖానాలో డాక్టరుతో పాటు ఒక స్టాఫ్ నర్సు ఉంటారు. ఇవి 2018లో మొదలయ్యాయి. ఏపీ నగరాల్లో అయితే పట్టణ ఆరోగ్య కేంద్రాలు ఉంటాయి. రెండు చోట్లా బీపీ, షుగర్ పరీక్షలు ఉచితం. బీపీ మందులు కూడా ఉచితంగానే ఇస్తారు.

అమ్మానాన్న ఊళ్లో ఉంటే వారికి దగ్గరగా ఉండేది ఉప కేంద్రం. ఏపీలో దాన్ని విలేజ్ హెల్త్ క్లినిక్ అని, తెలంగాణలో పల్లె దవాఖానా అని అంటున్నారు. కేంద్ర ప్రభుత్వం పెట్టిన పేరు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్. అక్కడ ఏఎన్ఎంతో పాటు ఎంఎల్‌హెచ్‌పీ అనే ఉద్యోగి ఉంటారు. సాధారణంగా వీరు నర్సింగ్ చదివి, సామాజిక ఆరోగ్యంలో అదనపు శిక్షణ పొందినవారే.

30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్ పరీక్ష చేయాలన్నది జాతీయ కార్యక్రమంలో భాగం. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి వయసు, పొగాకు, మద్యం అలవాట్లు, నడుము కొలత, వ్యాయామం, కుటుంబంలో బీపీ, షుగర్, గుండె జబ్బులు ఉన్నాయా అన్నవి అడిగి ఒక ఫారం నింపుతారు. స్కోరు 4 దాటితే ముందుగా పరీక్షకు పంపాలి. ఆశా వచ్చినప్పుడు 'మాకేం లేదమ్మా' అని పంపించేయకండి. బీపీ ఉన్నవారిలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు.

ఈ పద్ధతికి వెనుక ఒక అనుభవం ఉంది. 2017లో మొదలైన భారత హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమాన్ని తొలి విడతలో ఐదు రాష్ట్రాల్లో అమలు చేశారు. అందులో తెలంగాణ ఒకటి. అందరికీ ఒకే మందుల క్రమం, మందుల కొరత లేకుండా చూడటం, బీపీ చూసి నమోదు చేసి మళ్లీ పిలిచే పనిని నర్సులకు అప్పగించడం దీని పద్ధతి. 2022లో దీనికి ఐక్యరాజ్య సమితి సంస్థల పురస్కారం వచ్చింది.

బీపీ చూసే తీరు సరిగ్గా ఉందా?

నర్సు చేసే పనుల్లో చిన్నదిగా కనిపించేది ఇదే. అన్నింటికీ ఆధారం కూడా ఇదే. కొలత తప్పయితే మందు అనవసరంగా పెరుగుతుంది, లేదా అవసరమైనా పెరగదు.

సరైన పద్ధతి ఇలా ఉంటుంది:

- టీ, కాఫీ, సిగరెట్ తాగి కనీసం అరగంట గడవాలి. మూత్రానికి వెళ్లి రావాలి.
- కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు తగిలేలా 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. కాలు మీద కాలు వేసుకోకూడదు.
- పట్టీని చొక్కా మీద కాకుండా నేరుగా చేతికి చుట్టాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి.
- లావు చేతికి పెద్ద పట్టీ వాడాలి. పట్టీ చిన్నదైతే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.
- చూస్తున్నంతసేపూ రోగి గానీ నర్సు గానీ మాట్లాడకూడదు. మాట్లాడితే పై అంకె 10 దాకా పెరగొచ్చు.
- ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూడాలి.

ఓపీలో జనం కిక్కిరిసి ఉంటే ఇవన్నీ జరగవు. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చిన మనిషికి నిలబెట్టే బీపీ చూసి రాసేస్తుంటారు. అలాంటప్పుడు 'కాసేపు కూర్చుని మళ్లీ చూపించుకుంటానండీ' అని అడగండి. అందులో తప్పేమీ లేదు.

పెద్దవాళ్లకు మరో పరీక్ష అవసరం. కూర్చున్నప్పుడు చూశాక, నిలబడిన తర్వాత మళ్లీ చూడాలి. లేవగానే కళ్లు తిరుగుతున్నాయని చెప్పేవారికి ఇది తప్పనిసరి. మందు మోతాదు ఎక్కువై నిలబడగానే బీపీ పడిపోతే, రాత్రి బాత్రూమ్‌కు వెళ్తూ కింద పడి తుంటి విరిగే ప్రమాదం ఉంటుంది.

మందు మొదలయ్యాక నర్సు ఏం చూడాలి?

140/90 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నట్టు ఒకటి కంటే ఎక్కువసార్లు తేలితే బీపీ ఉన్నట్టు లెక్క. మందు మొదలుపెట్టాక అంకె 140/90 లోపుకు రావాలి. గుండె జబ్బు లేదా షుగర్ కూడా ఉంటే 130/80 లోపు ఉండేలా డాక్టర్లు చూస్తారు.

మొదట్లో నెలకోసారి వెళ్లాలి. ప్రతిసారీ నర్సు బీపీ చూసి కార్డులో రాయాలి. మందు ఇచ్చి తర్వాత రావాల్సిన తేదీ చెప్పాలి. రానివారికి ఫోన్ చేయడం లేదా ఆశాను ఇంటికి పంపడం కూడా ఈ పనిలో భాగమే. రెండు నెలలు గడిచినా అంకె దిగకపోతే 'ఇదే మందు వాడండి' అని పంపకుండా డాక్టరుకు చూపించాలి.

బీపీ విషయంలో ఎక్కువగా నష్టం చేసేది ఒక అలవాటు. అంకె 120కి రాగానే 'తగ్గిపోయింది' అని మాత్రలు ఆపేస్తారు. ఆ 120 మాత్ర వల్ల వచ్చిన 120. మాత్ర ఆపితే కొన్ని రోజుల్లోనో వారాల్లోనో మళ్లీ పెరుగుతుంది. మెటోప్రొలాల్, అటెనలాల్ వంటి మాత్రలను ఉన్నపళంగా ఆపేస్తే గుండె నొప్పి రావొచ్చు.

మందు ఆపడానికి దుష్ప్రభావం కూడా ఒక కారణం. అమ్లోడిపిన్‌తో పాదాలు వాచొచ్చు. ఎనలాప్రిల్‌తో పొడి దగ్గు రావొచ్చు. క్లోర్‌థాలిడోన్‌తో ఒంట్లో సోడియం, పొటాషియం తగ్గొచ్చు. టెల్మిసార్టాన్ వాడేవారికి క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు అవసరం. గర్భం దాల్చాలనుకునేవారు దాని గురించి ముందే చెప్పాలి. ఇలాంటి ఇబ్బంది ఏది వచ్చినా నర్సుకు చెబితే డాక్టరు మందు మారుస్తారు. చెప్పకుండా ఆపేస్తే ఎవరికీ తెలియదు.

నర్సులు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: 'మోకాళ్ల నొప్పికి ఏమైనా వాడుతున్నారా?' డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, ఒంట్లో నీరు పట్టేలా చేస్తాయి, కిడ్నీ మీద భారం వేస్తాయి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రల సంగతి రోగులు చాలాసార్లు చెప్పరు. వారు అడగకపోయినా మీరే చెప్పండి.

ఛాతీ నొప్పితో క్యాజువాలిటీకి వెళ్తే?

గుండెపోటు అనుమానంతో వచ్చిన వ్యక్తికి 10 నిమిషాల్లోపు ఈసీజీ తీయాలన్నది ప్రమాణం. తీసేది సాధారణంగా నర్సు లేదా టెక్నీషియన్. ఓపీ చీటీ, రిజిస్ట్రేషన్ పేరుతో ఆలస్యం అవుతుంటే 'ఛాతీలో నొప్పి, ముందు ఈసీజీ తీయండి' అని స్పష్టంగా చెప్పండి. మహిళల్లో, షుగర్ ఉన్నవారిలో, వృద్ధుల్లో నొప్పి అంతగా లేకుండా ఆయాసం, చెమటలు, వాంతి, నీరసం మాత్రమే ఉండొచ్చు. అలాంటప్పుడూ ఈసీజీ అడగండి.

ఈసీజీలో పెద్ద రక్తనాళం మూసుకుపోయినట్టు తేలితే రెండు దారులు. దగ్గర్లో క్యాథ్‌ల్యాబ్ ఉంటే వెంటనే యాంజియోప్లాస్టీ. లేదంటే గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజక్షన్. నొప్పి మొదలైన 12 గంటల్లోపు ఇస్తేనే దీనికి ప్రయోజనం. ఎంత ముందు ఇస్తే గుండె కండరం అంత మిగులుతుంది. రెండు రాష్ట్రాల్లోనూ 'స్టెమీ' కార్యక్రమం కింద కొన్ని ప్రభుత్వాసుపత్రుల్లో ఈ ఇంజక్షన్ ఉచితంగా ఇస్తున్నారు. అక్కడ తీసిన ఈసీజీని పెద్దాసుపత్రిలోని గుండె నిపుణులు చూసి సలహా ఇస్తారు.

ఈ ఇంజక్షన్‌ను బరువును బట్టి లెక్కగట్టి ఇస్తారు. ఇచ్చే ముందు ఈ మధ్య ఆపరేషన్ అయిందా, పక్షవాతం వచ్చిందా, కడుపులో పుండు ఉందా, రక్తం కారిందా అని అడుగుతారు. నిజం చెప్పాలి. ఇచ్చాక నర్సు తరచూ బీపీ చూస్తూ, చిగుళ్ల నుంచి రక్తం, తీవ్రమైన తలనొప్పి, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి కాలు బలహీనపడటం వంటివి గమనిస్తుండాలి.

రెండు పనులు అస్సలు చేయకండి. మొదటిది, 'గ్యాస్ నొప్పే' అనుకుని సోడా, గ్యాస్ మాత్రలతో గంటలు గడపడం. రెండోది, ఆసుపత్రికి వెళ్లే ముందు ఆర్‌ఎంపీ దగ్గర తుంటికి నొప్పి ఇంజక్షన్ వేయించుకోవడం. ఆ తర్వాత గడ్డ కరిగించే మందు ఇస్తే, సూది గుచ్చిన చోట కండరంలో రక్తస్రావం జరగొచ్చు.

గుండె వార్డులో, ఐసీయూలో

మానిటర్ మీద గుండె లయను కనిపెట్టి ఉండటం, మందులు వేళకు ఇవ్వడం, గుండె ఆగితే వెంటనే సీపీఆర్ మొదలుపెట్టి షాక్ ఇచ్చే యంత్రం సిద్ధం చేయడం ఇక్కడి నర్సుల పని. మిగిలిన జాగ్రత్తల్లో కుటుంబం తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఆక్సిజన్: గుండెపోటు వచ్చిన అందరికీ అవసరం లేదు. రక్తంలో ఆక్సిజన్ శాతం 90 కంటే తగ్గినప్పుడే పెడతారు. పెట్టలేదని కంగారు పడొద్దు.

సెలైన్ వేగం: సీసా త్వరగా అయిపోవాలని చక్రం తిప్పడం మన వార్డుల్లో మామూలే. గుండె బలహీనంగా ఉన్నవారికి ద్రవం వేగంగా ఎక్కితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదకు వస్తుంది. దాన్ని నర్సు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు.

నీళ్లు, మూత్రం లెక్క: ఎన్ని గ్లాసుల నీళ్లు, మజ్జిగ తాగారు, ఎంత మూత్రం వచ్చింది అని నర్సు రాసుకుంటారు. మూత్రం కొలవకుండా పారబోయకండి. ఒంట్లో నీరు నిలుస్తోందా అన్నది ఈ లెక్కతోనే తెలుస్తుంది.

ఇంటి మాత్రలు: ఇంటి నుంచి తెచ్చిన మాత్రలన్నీ నర్సుకు చూపించండి. ఆసుపత్రి ఇచ్చిందే ఇంటి సంచిలోంచి ఇంకోటి వేస్తే మోతాదు రెట్టింపవుతుంది.

యాంజియోగ్రామ్ తర్వాత: మణికట్టు దగ్గర చేస్తే ఆ చెయ్యి వంచకూడదు, బరువులెత్తకూడదు. గజ్జల దగ్గర చేస్తే కొన్ని గంటలు కాలు చాచి పడుకోవాలి. ఆ చోట వాపు వచ్చినా, దుప్పటి తడిగా అనిపించినా, చేతి వేళ్లో కాలి వేళ్లో చల్లబడినా వెంటనే నర్సును పిలవాలి. రక్తం కారుతుంటే వారు వచ్చేదాకా గట్టిగా నొక్కి పట్టుకోవాలి.

మలబద్ధకం: ముక్కితే గుండె మీద భారం పడుతుంది. విరేచనం సాఫీగా కాకపోతే సిగ్గుపడకుండా చెప్పండి, మందు ఇస్తారు.

ఐసీయూలో ఒక్కో పడకకు ఒక నర్సు ఉండాలన్నది ప్రమాణం. జనరల్ వార్డులో ఒక్కరే చాలామందిని చూసుకుంటూ ఉంటారు. అందుకే రోగికి సహాయంగా ఉండేవాళ్లు ఏం గమనించాలో, ఎప్పుడు పిలవాలో నర్సును ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

డిశ్చార్జి రోజు అడగాల్సిన ఆరు ప్రశ్నలు

ఇంటికి వెళ్లే హడావుడిలో చాలామంది బిల్లు, ఆటో గురించే చూసుకుంటారు. అప్పుడే నర్సుతో పది నిమిషాలు కూర్చోవాలి.

1. ఏ మాత్ర దేనికి? ఎప్పుడు, ఎన్ని రోజులు?
2. పాత మాత్రల్లో ఏవి ఆపేయాలి?
3. తర్వాత ఎప్పుడు రావాలి? ఏ పరీక్షలతో రావాలి?
4. ఎంత నడవొచ్చు? పనికి ఎప్పుడు వెళ్లొచ్చు? మెట్లెక్కొచ్చా?
5. ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి?
6. డిశ్చార్జి సమ్మరీ, ఈసీజీ, ఎకో కాపీలు ఉన్నాయా?

విన్న తర్వాత మీ మాటల్లో తిరిగి చెప్పి చూపండి. తప్పుంటే అక్కడే తేలిపోతుంది.

స్టెంట్ వేయించుకున్నవారికి రక్తం గడ్డకట్టకుండా సాధారణంగా రెండు మందులు ఇస్తారు. ఒకటి ఆస్పిరిన్, రెండోది క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్. రెండోదాన్ని చాలామందికి ఏడాది దాకా కొనసాగిస్తారు. పన్ను తీయించుకోవాలని ఎవరో చెప్పారని వీటిని సొంతంగా ఆపితే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది. గుండె డాక్టరును అడిగాకే ఏ నిర్ణయమైనా.

ఖర్చు సంగతికొస్తే, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. ఏపీలో ఈ పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల దాకా చికిత్స పథకం 2024 అక్టోబరులో మొదలైంది. మీ చికిత్సకు డిశ్చార్జి తర్వాతి మందులు, పరీక్షల ప్యాకేజీ కూడా వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

ఇంట్లో రోజూ చూసుకోవాల్సినవి

గుండె బలహీనపడి నీరు పట్టే స్వభావం ఉన్నవారికి బీపీ మెషిన్ ఎంత అవసరమో బరువు తూచే మెషిన్ కూడా అంతే అవసరం. రోజూ ఉదయం మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి రాయాలి. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. పాదాల వాపు, ఆయాసం కనిపించేదాకా ఆగకుండా అప్పుడే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఇంతకు ముందు ఒక దిండుతో పడుకునేవారు మూడు దిండ్లు పెట్టుకుంటే తప్ప పడుకోలేకపోతున్నారంటే అది కూడా హెచ్చరికే. నీరు తీసే మాత్రను డాక్టరు వేరేలా చెప్పకపోతే ఉదయం వేస్తే రాత్రి నిద్ర చెడదు.

ఉప్పు రోజుకు మనిషికి 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే దాదాపు ఒక టీస్పూను. ఇందులో కూరలో వేసేదే కాదు, ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, చిప్స్, బేకరీ సరుకుల్లో ఉన్నది కూడా లెక్కే. సోడియం తక్కువని అమ్మే ఉప్పుల్లో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు, టెల్మిసార్టాన్ వంటి మందులు వాడేవారు అడగకుండా అవి వాడొద్దు.

ఇంట్లో బీపీ చూసుకోవడానికి మణికట్టుకు కట్టేది కాకుండా జబ్బకు చుట్టే డిజిటల్ మెషిన్ మేలు. డాక్టరు దగ్గరకు వెళ్లే ముందు వారం పాటు ఉదయం, సాయంత్రం చూసి రాసుకెళ్తే చాలు. ఇంట్లో చూసిన సగటు 135/85 లేదా ఆ పైన ఉంటే ఎక్కువనే అర్థం. గంటకోసారి చూసుకుంటూ కంగారు పడితే ఆ కంగారుకే అంకె పెరుగుతుంది.

ఇంటికి నర్సును పెట్టుకుంటే?

పిల్లలు వేరే ఊళ్లోనో విదేశాల్లోనో ఉన్న ఇళ్లలో ఏజెన్సీ ద్వారా 'నర్సు'ను పెట్టుకోవడం పెరిగింది. వచ్చే ప్రతి ఒక్కరూ నర్సు కాదు. స్నానం చేయించడం, అన్నం పెట్టడం, నడిపించడం వంటి పనులకు శిక్షణ పొందిన సహాయకులు సరిపోతారు. ఇంజక్షన్, సెలైన్, యూరిన్ ట్యూబ్ మార్చడం వంటివి చేయాలంటే జీఎన్ఎం లేదా బీఎస్సీ నర్సింగ్ చదివి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదైనవారే ఉండాలి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమని మొదటి రోజే అడగండి. బీపీ, పల్స్, బరువు, ఇచ్చిన మాత్రలు రాయడానికి ఒక నోటు పుస్తకం పెట్టండి. ఆ పేజీ ఫొటో రోజూ వాట్సాప్‌లో పంపమనండి. దూరంగా ఉన్నవారికి అదే ఆధారం.

108కి ఎప్పుడు ఫోన్ చేయాలి?

- ఛాతీలో నొప్పి, బరువు లేదా బిగుతు కొద్ది నిమిషాల్లో తగ్గకపోతే, లేదా ఎడమ చేతికో దవడకో పాకితే
- మూతి వంకర పోయినా, ఒక పక్క చెయ్యి కాలు పడిపోయినా, మాట తడబడినా
- పడుకోలేనంత ఆయాసం వచ్చినా, స్పృహ తప్పినా
- బీపీ 180/120 దాటి దాంతో పాటు తలనొప్పి, చూపు మసకబారడం, ఛాతీ నొప్పి వంటివి ఉన్నా

అంకె ఎక్కువగా ఉండి లక్షణాలేవీ లేకపోతే, 5 నిమిషాలు కూర్చుని మళ్లీ చూడండి. ఈ రోజు మాత్ర మరిచిపోయారేమో చూసుకోండి. అంకె దిగకపోతే అదే రోజు డాక్టరుకు చూపించండి. బీపీని ఒక్కసారిగా దించాలని నాలుక కింద నిఫెడిపిన్ పెట్టే పాత అలవాటు ప్రమాదకరం. బీపీ హఠాత్తుగా పడిపోతే మెదడుకు, గుండెకు రక్తం చాలదు. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ కూడా డాక్టరు ముందే రాసి ఇచ్చినవారే, కూర్చుని వాడాలి.

ఈ వారంలో చేయగలిగిన పని ఒకటుంది. ఇంట్లో 30 దాటినవారందరినీ దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లి బీపీ చూపించండి. ఇప్పటికే మందులు వాడేవారి కార్డు తీసి చివరి అంకె ఎంతో, తర్వాత వెళ్లాల్సిన తేదీ ఎప్పుడో చూడండి. తేదీ దాటిపోయి ఉంటే రేపే వెళ్లండి.